బావగారు చూసిన పైత్యనాళాలు

పరిశోధనాలయ సంచాలకుల వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: రేపటి అతిథులకు కాలేయపు ముక్కను చూపించు కార్యక్రమము రద్దు చేయుట గురించి.

మూడో అంతస్తు చీకటి గదిలో పనిచేయు పరిశోధకురాలు విన్నవించుకొనునది:

1. గర్భంలో శిశువు కాలేయం తయారగునపుడు, పైత్యరసం పారు నాళాల కణాలపై రకరకాల చక్కెరలు బయటపడును. ఏ దశలో ఏ చక్కెర పైకి వచ్చునో తెలిసినచో, కొందరు పసివాళ్లలో ఆ నాళం ఎందుకు మూసుకుపోవుచున్నదో తెలియగలదు. ఆ చక్కెరలను పట్టుకొని చీకటిలో మెరియు పచ్చరంగు వేసి చూచుట నా పని. తాము సంతకం చేసిన పరిశోధనే కనుక ఇదంతా తమకు తెలిసియుండవలెను. తెలియదని నిన్న తేలినది.

2. సూక్ష్మదర్శిని దీపం కింద ఎక్కువసేపు ఉంచినచో ఆ రంగు వెలిసిపోవును. నిన్న తమరు సకుటుంబముగా విచ్చేసి, నేనింకా ఫొటో తీయకముందే సూక్ష్మదర్శిని ముందు అందరినీ వరుస కట్టించిరి. "సార్, దీపం ఆర్పేస్తాను" అని నేను మొత్తుకొనగా, "ఉండమ్మా, మా బావగారు ఇంకా చూడలేదు" అని సెలవిచ్చిరి. బావగారు ఫోనులో కబుర్లు ముగించి వచ్చుసరికి రంగు కాస్తా పోయినది. "ఏముంది బావా ఇందులో, అంతా నలుపే!" అని వారు పెదవి విరిచిరి. నిన్న వచ్చినవారిలో ఉన్నది ఉన్నట్టు చెప్పినది వారొక్కరే.

3. ఆ ముక్క బజారులో దొరకునది కాదు. నెలలు నిండకుండానే బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లి, "ఇంకో పసివాడికి పనికొస్తుందంటే తీసుకోండమ్మా" అని ఇచ్చినది. ఆమె ఈ ఉదయం వచ్చి, "ఏమైనా కనబడిందా అమ్మా?" అని అడిగినది. బావగారికి ఏమీ కనబడలేదని చెప్పమందురా? వరండాలో కూర్చోమన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను సార్.

4. ఆ బిడ్డ కాలేయంలో ఇక మిగిలినది ఒకే ఒక్క ముక్క. రేపటి అతిథులకు దానినే సిద్ధం చేయవలెనని తమ ఉత్తర్వు.

కావున సదరు ఉత్తర్వును ఉపసంహరించి, వేడుకలకు వేరే గది చూసుకొనవలసినదిగా ప్రార్థన. చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
చీకటి గది పరిశోధకురాలు

తా.క.: ఇంతవరకు రాశాక మీ గుమాస్తాగారికి చూపించాను. "ఆయన అర్జీలు ఎప్పుడు చదివారు గనక!" అని నవ్వారు. అందుకని రేపటికి ఒక ఉల్లిపొరను పచ్చరంగులో ముంచి పెట్టాను. మీవాళ్లంతా ఎంతసేపైనా చూసుకోవచ్చు. అసలు ముక్కకు మధ్యాహ్నమే తలుపేసుకుని ఫొటోలన్నీ తీసేశాను. నాళం అంచుల వెంట చక్కెర స్పష్టంగా కనబడింది. ఆ తల్లి ఇంకా వరండాలోనే కూర్చుని ఉంది. లోపలికి పిలిచి, రంగు పూర్తిగా వెలిసిపోయేదాకా ఆమెను చూడనిచ్చాను.