ఆ ఆదివారం నేను లేవలేదు

చిరంజీవి థేయున్‌కు అమ్మ ఆశీస్సులు. నా నడుము సంగతి వదిలేస్తే ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. క్యాంపులో చలి ఇంకా ముదరలేదని రాశావు, అయినా మందపు మేజోళ్లు పంపుతున్నాను. మీవాళ్లు నవ్వితే నవ్వనీ.

చెల్లి నీ ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని రెండుసార్లు అడిగావు. రెండుసార్లూ మాట మార్చాను. నోటితో చెప్పలేక రాస్తున్నాను.

ఫిబ్రవరిలో సోల్‌హీని ఇక్సాన్‌లో అద్దె గదిలో దింపి వచ్చాం కదా. కొత్త ఇంట్లోకి ముందు రైస్ కుక్కరే వెళ్లాలంటారని నేనే మోసుకెళ్లి పెట్టాను.

"ఇంత పెద్దదా! అన్నయ్య పటాలానికంతా వండాలా ఏంటమ్మా?" అంది.

"నీ తిండికి అదీ చాలదులే" అన్నాను.

బేకరీలో పని దొరికింది. గ్యాస్ బిల్లు ఎలా కట్టాలి, జ్వరమొస్తే ఎక్కడికెళ్లాలి అని రోజూ ఫోన్ చేసేది. కొన్నాళ్లు చెప్పాను. తర్వాత "పెద్దదానివయ్యావు, నువ్వే చూసుకో" అన్నాను. అసలు పద్దెనిమిది నిండినా పెంపుడు ఇంట్లోనే ఉండొచ్చని పిల్లల సంక్షేమ ఆఫీసువాళ్లు ముందే చెప్పారు. "నువ్వేమంటావమ్మా?" అని అది అడిగితే "నీ ఇష్టం" అన్నాను. అలసిపోయాను నాన్నా. అది మనింటికొచ్చిన పదకొండేళ్లుగా ఆఫీసులు, బడిలో గొడవలు, ఆ పిల్ల పీడకలలు. ఉండమనే మాట నోటికి రాలేదు.

వేసవిలో మన తలుపుకున్న నంబరు నొక్కే తాళం పాడై కొత్తది పెట్టించాం. కొత్త నంబరు నీకు పంపాను, దానికి పంపలేదు. మరిచిపోయానని మీ నాన్నతో అన్నాను. మరిచిపోలేదు.

పోయిన ఆదివారం మధ్యాహ్నం పడుకుని ఉన్నాను. తలుపు దగ్గర తప్పు నంబరు కూత వినిపించింది. మళ్లీ. మళ్లీ. "అమ్మా, నేనే" అంది. తిరిగొచ్చేస్తానంటుందేమోనని భయమేసింది. కళ్లు మూసుకున్నాను. సాయంత్రం తలుపు తీస్తే గుమ్మంలో డబ్బా, అందులో పుట్టినరోజుకు వండే సముద్రపు నాచు సూప్. నా పుట్టినరోజని నాకే గుర్తులేదు.

ఫోన్ చేస్తే, "నువ్వు ఊళ్లో లేవేమో అనుకున్నాలే అమ్మా" అంది. కింద నా కారు అది చూడలేదా! నన్ను కాపాడటానికి అబద్ధమాడింది. ఆ రోజు నుంచి నా ఫోనూ ఎత్తడం లేదు.

వచ్చే వారం సెలవుకు నేరుగా ఇంటికి రాకు. ఇక్సాన్‌లో దిగి దాన్ని వెంటబెట్టుకురా. నిన్ను తిట్టుకుంటూనైనా వస్తుంది. ఈ ఉత్తరం దానికి చూపించు, దాచకు. తాళం నంబరును దాని పుట్టినరోజు తేదీగా మార్చాను. గుమ్మం దగ్గర నువ్వు నొక్కకు, దాన్నే నొక్కనివ్వు. తప్పుగా నొక్కినా సరే, నేను లేచే ఉంటాను.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ