చంద్రగిరి తోటలో మారిపోయిన నాయన

పూతలపట్టు,
1944.

కార్వేటినగరం కుప్పయ్య గారికి, ముఖపరిచయం లేని మనిషి నమస్కరించి రాస్తున్నాను.

మీ నాయన పెంచలయ్య గారు మా ఇంట్లో క్షేమం. నేను ఎత్తుకొని రాలేదు. సోమవారం కొండ మీద మా నాయనకు గుండు చేయించి, దిగినాక చంద్రగిరి రాజమహలు చూపించబోయాను. ముందున్న తోటలో, చెట్టు కింద, చందనం పూసిన గుండ్లు వరసగా కూర్చొని ఉన్నాయి. మా నాయననూ అక్కడే కూర్చోబెట్టి నీళ్ళు తాగి వచ్చాను. మీసం లేని మా నాయన ముఖంతో నాకు అప్పటికి ఒక పూట పరిచయం. ఒకాయన చెయ్యి పట్టుకొని లేపాను. మహలు మెట్లన్నీ ఎక్కించి, తోటంతా తిప్పి, బొగ్గుతో నడిచే బస్సులో ఇంటికి తెచ్చాను. ఆయన పలకలేదు. మా నాయనా పలికే మనిషి కాదు.

గడపలో మా అమ్మ చూసి, "ఎవర్నిరా తోలుకొచ్చినావు? మీ నాయన యాడరా?" అని కేకలు పెట్టింది.

"ముందే చెప్పకూడదా పెద్దాయనా?" అని మీ నాయనను అడిగాను.

"చెప్తే చెయ్యి ఇడిచిపెడతావు గదప్పా," అన్నారు.

మీ పేరూ ఊరూ, మీరు బండి కట్టుకొని వచ్చిన సంగతీ ఆయనే చెప్పారు. మా నాయన మీ బండి ఎక్కి ఉంటాడని ఆశ. పేరు చెంగల్రాయుడు, అడిగినా చెప్పడు. ఉంటే గురువారం ఆ చెట్టు కిందికే తీసుకురండి. గుర్తుపట్టడానికి ఈసారి మా అమ్మ వస్తుంది.

ఒక్క మనవి. మీ నాయనను చెయ్యి పట్టుకొని నడిపించండి. మా నాయనను అట్లా నడిపించానని జన్మకు ఒక్క పూట మురిసిపోయాను. తీరా చూస్తే అది మీ నాయన చెయ్యి.

ఇట్లు,
చెంగల్రాయుడి కొడుకు.