పోలమ్మ పిన్ని వాకిట్లో ఇసుక

ఫిబ్రవరి 4
పొద్దుటినుంచీ సర్వే పని, సముద్రపు ఒడ్డునే. రేడియేషన్ కొలిచే గామా డిటెక్టర్‌ని నడుమెత్తున పట్టుకోవడం, ఆగడం, రాసుకోవడం, మళ్లీ నడవడం. నల్ల ఇసుక ఉన్నచోట దాని టిక్కుటిక్కులు జోరందుకుంటాయి. రోజంతా నాతో మాట్లాడింది అదొక్కటే. రాజాంలో అన్నయ్యకు ఫోన్ చేశా. ఎత్తలేదు.

ఫిబ్రవరి 5
గది అద్దెకిచ్చిన పోలమ్మ పిన్ని చేపల పులుసు తెచ్చింది. కూతురు లక్ష్మికి నెలలు నిండుతున్నాయట. తొలి పురుడు, పుట్టింట్లోనే. ఉయ్యాల కట్టబోయే దూలం కూడా చూపించింది. పరాయిదాన్నని మరిచిపోయి చాలాసేపు కూర్చున్నా.
"ఆ మిసనుతో మా వాకిలి కూడా సూడు పాపా."
చూశాను. "ఎక్కువే ఉంది పిన్నీ" అన్నాను. మా పనిలో అది మామూలు మాట. నిన్నటి చోటుకంటే ఎక్కువ, అంతే.

ఫిబ్రవరి 7
ఆ 'ఎక్కువ' ఊరంతా తిరిగి నెల్లిమర్లలో లక్ష్మి అత్తగారి చెవిన పడింది. "నా కోడల్ని ఆ ఇసకలోకి పంపను" అందట. పిన్ని నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఫిబ్రవరి 8
ఆఫీసుకు ఫోన్. సార్ — "రిపోర్టు రాకుండా ఎవరికీ ఏమీ చెప్పకు." నోరు ముందే జారింది సార్... అనలేదు.

ఫిబ్రవరి 10
పిన్ని తన ఫోన్ నా చేతిలో పెట్టింది. "ఏటీ కాదని ఒక్క ముక్క సెప్పు. నీ మాటైతే ఇంటాది."
అటువైపు లక్ష్మి. ఈ ఇసుక తాతలనాటి నుంచీ ఉన్నదే, నువ్వు పుట్టిందీ ఇక్కడే కదా — అన్నాను.
"బిడ్డకి ఏటీ అవదు కదక్కా?"
నాకు తెలిసినంతవరకూ... అంటున్నాను. పెట్టేసింది.
'ఏమీ కాదు' అనడం మాకెవరూ నేర్పలేదు. గదిలోకొచ్చి ఏడ్చాను. ఎందుకని అడిగే మనిషి కూడా లేదు.

ఫిబ్రవరి 12
పొద్దున్నే పార చప్పుడు. పిన్ని వాకిట్లో ఇసుకంతా తవ్వి, గంపలతో మోసి, సముద్రంలో పోసొచ్చింది. ఎర్రమట్టి పరిచింది. అరచేతులు బొబ్బలెక్కాయి.
"ఇప్పుడు సూడు పాపా."
పెట్టాను. తగ్గింది — కొద్దిగా. గోడలకు మెత్తిందీ ఆ ఇసుకే, పునాది కిందా అదే. పిన్ని డిటెక్టర్ వైపు చూడటం లేదు. నా మొహం చూస్తోంది.
"తగ్గినాదా?"
తగ్గింది పిన్నీ, అన్నాను. అబద్ధం కాదు.
అప్పటికే లక్ష్మి నంబరు నొక్కేసి ఫోన్ నా చేతిలో పెట్టింది. అటువైపు మోగుతోంది...