బిందెల పిన్ని భుజం

అమ్మా, నా జ్వరం తగ్గింది, అన్నం సహిస్తోంది, బెంగపడకు. చెల్లీ, ఇది అమ్మకు నిదానంగా చదివి వినిపించు.

ఇక్కడి పేటలో బడి గోడ మీద ఒక పెద్దావిడ బొమ్మ వేస్తున్నాను. అందరికీ ఆమె బిందెల పిన్ని. ముప్పై ఏళ్లు దిగువ కొళాయి నుంచి మిట్ట మీది ఇళ్లకు నీళ్లు మోసింది. మిట్టకు పైపు వచ్చిందన్నా ఆమె ఆఫీసుల చుట్టూ తిరగబట్టే. నాకు షాపుల బోర్డులు రాసిన అలవాటు కదా, సుద్ద పూసిన దారంతో అడ్డంగా తిన్నటి గీత కొట్టి భుజాలు రెండూ సమానంగా గీశాను. పేట ఆడవాళ్లు వచ్చి చూశారు. వాళ్లలో ఒకావిడ, "ముఖం పిన్నిదే నాయనా, మనిషే పిన్ని కాదు" అంది. అప్పుడు పిన్నిని సరిగా చూశాను. పిన్ని కుడిభుజం బెత్తెడు కిందికి వాలి ఉంది. సిగ్గేసింది. చెరిపి, భుజం దించి గీశాను. పిన్ని చాలాసేపు చూసి, "ఆఁ, ఇప్పుడు బరువు కనబడుతోందిరా" అంది.

నాన్న దగ్గు ఎలా ఉంది? వంటింటి రేకు ఇంకా కారుతోందా? అటక మీది నా బ్రష్షులు ఎలుకల పాలు కానీయకండి.

అమ్మా, నేను వేసిన నీ బొమ్మను తలుపు వెనక ఎందుకు తగిలించావో ఇన్నాళ్లకు తెలిసింది. మిల్లులో తెగిపోయిన నీ వేలు కూడా కలిపి, ఐదు వేళ్లూ వేశాను. వచ్చి ఆ వేలు తీసేస్తాను. ముందు గదిలో మేకు కొట్టించి ఉంచు.

నీ నాలుగు వేళ్ల చేతికి దండాలతో,
నీ పెద్దోడు