ఎగువ అడవి, దిగువ అడవి

ఫోటోలకు ఫ్రేములు కట్టి బతికినదాన్ని, ఊరంతా ఫ్రేములమ్మ అని పిలిచేదాన్ని, నేను ఈ వీలునామా నా ఇష్టప్రకారం రాయిస్తున్నాను. నా మోకాళ్ళు మాట వినవు, ఎడమ చెవి సగమే వింటుంది. బుద్ధి మాత్రం చెదరలేదని డాక్టరు గారు పరీక్షించి రాసిచ్చారు. ఆ కాగితం దీనికి జతచేశాను. నన్నెవరూ బెదిరించలేదు, బుజ్జగించనూ లేదు. ఇంతకుముందు నేను రాసినవేవైనా ఉంటే అవి ఇకపై చెల్లవు.

1. దీన్ని అమలుచేసే బాధ్యత అడవి తరగతి మాస్టారిది. సొంత అడవి ఉన్నవాళ్ళకూ, పెరట్లో పిట్టకూ పురుగుకూ చోటివ్వాలనుకునేవాళ్ళకూ ఆయన గ్రంథాలయం హాల్లో ఆదివారాలు ఉచితంగా పాఠం చెబుతారు. అయిదో షరతు వల్ల తరగతికి ఆస్తి కలిసొచ్చే వీలుంది. రావాలని ఆయన మనసులోనైనా కోరుకోకూడదు.

2. వీధివైపు ఉన్న నా దుకాణం, గాజు కోసే బల్ల, వజ్రపు మొన కత్తి నా కూతురికి చెందుతాయి. ఆసుపత్రి ఉద్యోగం మానుకుని దుకాణం నడపమనడం లేదు, అద్దెకిచ్చుకోవచ్చు. అద్దెకు ఎవరొచ్చినా, ఆ గదిలో చెప్పులు లేకుండా తిరగవద్దని చెప్పాలి. ఎంత ఊడ్చినా గాజుపెంకు ఒకటి మిగులుతుంది.

3. దుకాణం వెనక గది అడవి తరగతికి ఇస్తున్నాను. అందులోని పుస్తకాలు, భూతద్దాలు, విత్తనాల డబ్బాలు, కత్తెరలు, రంపాలు, ముందూ వెనకా కనబడేలా రెండు గాజు పలకల మధ్య నేను బిగించిన ఆకులు, అన్నీ దానికే. ఎవరడిగినా, వాడుకుని తిరిగిచ్చేలా ఇవ్వాలి. నా పొడుగు కర్ర రంపం పట్టుకెళ్ళి, మొద్దుబార్చి తెచ్చి, "మీ రంపం అంత బాగా తెగడం లేదండీ" అన్న తోటల సంఘం కార్యదర్శి గారికి మాత్రం పుస్తకాలతో సరిపెట్టాలి.

4. అడవి సంగతి రాసేముందు అది నా చేతికెలా వచ్చిందో చెప్పాలి. వారసులిద్దరికీ, అంటే నా కూతురికీ మా అక్క కొడుక్కీ, చెరో సగమే తెలుసు.

మా నాన్న కొండవాలు అడవిని రెండు చేసి, ఎగువ సగం అక్కకూ, వాగు పారే దిగువ సగం నాకూ ఇచ్చారు. అక్క హెడ్‌మిస్ట్రెస్. చిందరవందర కంటబడితే ఊరుకునే మనిషి కాదు. కూలీలను పెట్టి తుప్పలు కొట్టించింది, మోడులు పడగొట్టించింది, రాలిన ఆకంతా పోగేసి తగలబెట్టించింది. ఎగువ అడవి అద్దంలా తయారైంది. ఆ ఏటి వానలకు మట్టంతా జారొచ్చి నా వాగు పూడిపోయింది. వాగొడ్డున కప్పల అరుపు కూడా ఆగిపోయింది.

నేను వెళ్ళి, "నువ్వు ఊడ్చింది అడవినే అక్కా, స్కూలు వరండా కాదు" అన్నాను. "చెత్తలో బతకడం నీకలవాటే" అంది. అంతే. మా పిల్లలు కాలేజీలు దాటి ఉద్యోగాల్లో పడేదాకా మా మధ్య మాటల్లేవు.

వాగొడ్డు నిలబెట్టే ఉపాయం నేర్చుకుందామని అడవి తరగతికి వెళ్ళాను. ముందు బెంచీలో అక్క కూర్చుని ఉంది! ఎగువన వేర్లు బయటపడి చెట్లు ఒరుగుతున్నాయని తనూ వచ్చింది. వెనుదిరుగుదామనుకున్నాను. ఇంతలో మా బంధుత్వం తెలియని మాస్టారు మ్యాపు చూసి, "మీ ఇద్దరి హద్దు ఒకటేనమ్మా, మీరిద్దరూ ఒక జట్టు" అన్నారు. మాను చుట్టుకొలత తీయమని టేపు చేతికిచ్చారు. ఒక కొస అక్క పట్టుకుంది, ఒక కొస నేను.

"గట్టిగా లాగు" అంది అక్క.

"లాగుతూనే ఉన్నా."

అన్నేళ్ళ తర్వాత మేం మాట్లాడుకున్న మొదటి మాటలు అవే. అక్క చెట్టుకు అవతల ఉంది, మొహం కనబడలేదు. టేపు మాత్రం వదల్లేదు.

ఎండిన మాను వడ్రంగిపిట్టకు ఇల్లని, రాలిన ఆకు నేలకు దుప్పటని ఆ తరగతిలోనే తెలిసింది. వాలుకు అడ్డంగా కొమ్మలు పరిచాం. పెరళ్ళ నుంచి పాకొచ్చి చెట్లను నులిమేస్తున్న పచ్చపూల తీగను పీకాం. ముందు హద్దుకు అటొకరు, ఇటొకరు. తర్వాత ఒకే ఫ్లాస్కులో టీ. మూడో వానాకాలానికి వాగు తేటపడింది.

నిరుడు అక్క పోయింది. ఎగువ అడవి కొడుక్కి కాకుండా నాకు రాసి పోయింది. బిల్డింగు కాంట్రాక్టరైన ఆ అబ్బాయి ఫోన్ చేసి, "అమ్మను మాయచేసి రాయించుకున్నావు పిన్నీ" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పెట్టేశాడు. అది విన్న నా కూతురు, అన్నయ్యా అని వెంట తిరిగిన పిల్ల, ఇప్పుడు అతను ఎదురైతే రోడ్డు దాటుతోంది.

ఆసుపత్రిలో అక్క నాతో అన్న మాట ఇది: "వాడికి చెట్టును చూస్తే దూలమే కనబడుతుంది, నా కొడుకే కదా. నేను చెబితే పాఠం అనుకుంటాడు. నువ్వు నేర్పించి ఇవ్వవే." కాబట్టి నాయనా, ఎగువ అడవి నాకొచ్చిన ఆస్తి కాదు. మీ అమ్మ నాకప్పగించిన పని.

5. ఎగువా దిగువా కలిపి అడవి మొత్తం నా కూతురికీ అక్క కొడుక్కీ ఉమ్మడిగా చెందాలి. పంచుకోకూడదు, మధ్యలో కంచె వేయకూడదు. నా తదనంతరం ఇద్దరూ ఒకే జట్టుగా, ఎండా వానా చలీ అన్నీ తిరిగొచ్చేదాకా, తరగతికి వెళ్ళాలి. మాస్టారు సరేనన్నాకే అడవి చేతికొస్తుంది. ఒకరు మానేస్తే వారి వాటా తరగతికి పోతుంది, రెండోవారికి రాదు. ఒకరి అలకతో ఇంకొకరు బాగుపడకూడదు. చెట్టు నరకవద్దని కాదు నా మాట. ఏది నరకాలో, ఏది వదలాలో నేర్చుకున్నాక నరకమని. అలా పలచబరచగా వచ్చే కలప అక్క కొడుకు తన పనులకు వాడుకోవచ్చు.

6. దుకాణంలో కిటికీ కింద ఉన్న ఫ్రేము ముక్కల పెట్టె కూడా అతనిదే. చిన్నప్పుడు వాటితోనే ఇళ్ళు కట్టేవాడు. ఒక్కదానికైనా తలుపు పెట్టడం మరిచేవాడు కాదు.

7. నా పేరున మొక్క నాటవద్దు. పేరున్న చెట్టు పక్కవాటి వెలుతురుకు అడ్డొచ్చినా దాన్ని తీసేయడానికి ఎవరికీ చేతులు రావు.

పైవన్నీ నిన్ననే రాయించాను. ఇవాళ అమ్మాయికి డ్యూటీ, నాకు బస్సెక్కే ఓపిక లేదు. అక్క కొడుక్కి ఫోన్ చేస్తే కారు తెచ్చాడు. వకీలు ఆఫీసుకని చెప్పినా, ఏం రాస్తున్నావని అడగలేదు. కానీ నేను ఎక్కకముందే, నా మోకాళ్ళకు చోటు చాలేలా ముందు సీటు వెనక్కి జరిపి ఉంచాడు. ఇప్పుడు కింద కారులో కూర్చుని ఉన్నాడు. ఈ పేరా ఇక్కడే చెప్పి కలిపించాను. షరతు మాత్రం మార్చను. తరగతికి రావాల్సిందే.

రెండు వేల ఇరవై మూడు, జూలై పద్నాలుగు, శుక్రవారం.

(సంతకం) ఫ్రేములమ్మ

ఆమె మా ఎదుట చదివించుకుని, కళ్ళు తుడుచుకుని, స్వయంగా సంతకం పెట్టారు.

సాక్షులు:
(సంతకం) వకీలు ఆఫీసు టైపిస్టు
(సంతకం) కింది అంతస్తు మందుల షాపు యజమానురాలు