బెల్టుకు పెట్టిన పసుపు

ఈరేష్, నేనొచ్చేదాకా కారు స్టార్ట్ చేయొద్దు. ఇంజనుకు గాలి ఎక్కించే ఆ సూపర్‌చార్జర్ బెల్టు జారేది వదులైనందుకు కాదు, నూనె అంటినందుకు. ఆయుధపూజకు బానెట్ ఎత్తి, నూనెలో కలిపిన పసుపు బెల్టుకు కూడా పూసిన మహానుభావుడివి నువ్వు. పైగా "బిగిస్తే సరిపోతాదక్కా" అంటా మూడుసార్లు బిగించినావు. ఆ బిగువుకు ఇప్పుడు బేరింగు కూడా అరుస్తాంది.

ఆ బెల్టు విప్పి పారేయ్. పుల్లీలను సబ్బునీళ్ల గుడ్డతో జిడ్డు పోయేదాకా తుడిచి ఆరనీ. ఆ మాత్రం నీకు చేతనైతే. కొత్త బెల్టు కౌల్ బజార్‌లో నేనే తెస్తా. నిన్ను పంపితే పిండిమర బెల్టు తెస్తావు.

అక్క

పసుపు పెట్టింది తనేనని అవ్వ ఇప్పుడే మురిసిపోతూ చెప్పింది. పైన రాసింది మాత్రం కొట్టేయను, బిగించింది నువ్వే కదా. అవ్వ అడిగితే బెల్టు పాతబడిందని చెప్పు.