నానా గారి నొప్పికి సున్నా

జిల్లా ఆసుపత్రి, సోమవారం

రాజు నానా గారి తరఫున మాట్లాడే ఒచ్యామె అదుసేయి గారికి, ఆపరేషన్ వార్డు సిస్టర్ అఫ్రకోమా నమస్కరించి వ్రాయునది.

రాజుగారి ఒంటి సంగతి ఫోన్లో మాట్లాడటం అరిష్టమని మీరన్నారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. గురువారం నానా గారి పొట్టకు నాలుగు చిన్న కన్నాలు పెట్టి, రాళ్లు పట్టిన పిత్తాశయం తీసేశాం. ఇంటికి పంపేటప్పుడు ఒక కాగితం ఇచ్చి, నొప్పి ఎంతుందో సున్నా నుంచి పది లోపు రోజుకు మూడుసార్లు అడిగి రాయమన్నాను. మీరు ఆరుసార్లూ సున్నా రాశారు. మా నర్సు వచ్చి చూస్తే నాడి నూట పద్దెనిమిది, బీపీ నూట డెబ్బై, ఎన్నడూ లేని షుగరు.

నోరు దాచినా ఒళ్లు దాచదండీ. నొప్పి పడే ఒళ్లు తనను చిరుత తరుముతోందనుకుంటుంది. గుండెను పరిగెత్తిస్తుంది, షుగరును రక్తంలోకి వదులుతుంది, గాయం మాన్పే పని పక్కన పెడుతుంది. నొప్పికి జడిసి ఊపిరి నిండా పీల్చకపోతే ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది. నా భయమంతా అదే. నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి బిళ్లలు వెయ్యండి.

ఇట్లు,
సిస్టర్ అఫ్రకోమా

తా.క.: కన్నాలే చిన్నవి. లోపల చేసిన పని చిన్నది కాదు.

*

రాచనగరు, సోమవారం సాయంత్రం

చిరంజీవి సౌభాగ్యవతి సిస్టర్ అఫ్రకోమాకు, ఒచ్యామె అదుసేయి ఆశీర్వదించి వ్రాయునది.

అమ్మా, మా ఆచారంలో రాజుకు నొప్పి ఉండదు. ఉందని అన్నవాడు పొట్టేలును జరిమానా ఇచ్చుకోవాలి. మీ ప్రశ్న నానా గారిని అడిగాను. ఆయన నా వంక చూశారు. ఆయన బదులు జవాబు చెప్పడమే నా ఉద్యోగం కనుక సున్నా అన్నాను. మా తాతల కాలం నుంచీ ఏ ఒచ్యామె కూడా అంతకు మించి చెప్పలేదు. నాడి సంగతంటారా, పరామర్శకు రోజుకు అరవై మంది వస్తున్నారు, వాకిట్లో పెద్ద డప్పులు మోగుతున్నాయి. ఎవరి గుండె మాత్రం కుదురుగా ఉంటుంది?

శుభాకాంక్షలతో,
అదుసేయి

తా.క.: నానా గారి నోట్లోకి వెళ్లేది ఏదైనా ముందు నేను రుచి చూడాలి. మీ బిళ్లలు చేదే గాని మంచివి. మధ్యాహ్నం దాకా నిద్రపోయాను.

*

ఆసుపత్రి, మంగళవారం

అయ్యా అదుసేయి గారూ,

బిళ్లను రుచి చూడటమేమిటండీ, అదేమన్నా పామ్‌కాయల పులుసా? ఇరవై రెండేళ్లుగా ఈ వార్డులో ఉన్నాను, మందును ఎంగిలి చేసేవాళ్లను ఇప్పుడే చూస్తున్నాను. కొత్త పొట్లం పంపుతున్నాను. ఇది నానా గారికి. ఆయనకు మాత్రమే.

డప్పులు ఆపించండి. ఆపరేషన్ కోసం పొట్టలో గాలి నింపాం. మిగిలిపోయిన గాలి వల్ల భుజం నొప్పి పెడుతుంది, నడిస్తే పోతుంది. అందుకని రోజుకు నాలుగుసార్లు నడిపించండి. దిండు పొట్టకు అదుముకుని దగ్గమనండి, కఫం వస్తుంది.

విసిగిపోయిన,
అఫ్రకోమా

తా.క.: మీ నిద్ర సంగతి నేను అడగలేదు.

*

రాచనగరు, బుధవారం

అమ్మా అఫ్రకోమా,

మీరు చెప్పినట్టే నడిపించాం. రాజు ఉత్తినే నడవడు కదా. గొడుగులు పట్టేవాళ్లు, కత్తులు మోసేవాళ్లు, కొమ్ము ఊదేవాళ్లు వెంట నడిచారు. కొమ్ము విని ఊరంతా కొలువనుకుని వచ్చేసింది. నానా గారు రెండు గంటలు నిలబడి అందరి దండాలూ అందుకున్నారు. మీ నర్సు నాడి చూసి నూట ముప్పై అంది.

డప్పులు ఆపాం. ఆపగానే రాజు పోయాడని పక్కూళ్లో పుకారు పుట్టింది. మళ్లీ మోగించాం. ఇక దగ్గు. మా నగరులో రాజు దగ్గితే కొలువంతా చప్పట్లు కొట్టి నిండు నూరేళ్లని దీవించాలి. ఆయన ఒక్కసారి దగ్గారు, నలభై మంది కొట్టారు. ఆ తర్వాత ఆయన దగ్గలేదు.

మీ మేలుకోరే,
అదుసేయి

తా.క.: దిండు తెప్పించాం. అది వంశపారంపర్యపు జరీ దిండు, అదమకూడదట. నానా గారి పక్కన దానికీ ఒక పీట వేశాం.

*

ఆసుపత్రి, గురువారం

అదుసేయి గారికి,

ఇవాళ కోప్పడే ఓపిక కూడా లేదు. నానా గారి ఒళ్లు కాలిపోతోందని నర్సు చెప్పింది. కుడి ఊపిరితిత్తి అడుగున గాలి ఆడటం లేదు. డాక్టరుగారు వేరే మందు పంపుతున్నారు. రేపు సాయంత్రానికి మార్పు లేకపోతే ఆయన్ని మళ్లీ ఇక్కడికి తెచ్చి ఆక్సిజన్ పెట్టాలి. డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి. తిరిగి ఇంటికి పంపుతానని నేను మాట ఇవ్వలేను.

ఇక నానా గారిని ఏమీ అడగను. మిమ్మల్నే అడుగుతున్నాను. డప్పులు మోగితే మోగనివ్వండి. తలుపు మూసి ఇద్దరే కూర్చోండి. ఆయన ఊపిరి తీసుకుంటుంటే చూడండి. చూసినప్పుడు మీకెంత బాధ అనిపిస్తే ఆ అంకె చెప్పండి. ఆయన నోరు మీరే కదా, ఈ ఒక్క పూట ఆయన పక్కటెముకలు కూడా మీరే అవండి.

ప్రాధేయపడుతూ,
అఫ్రకోమా

తా.క.: పొట్టేలు నేను కొంటాను. మీరు నిజం చెప్పండి.

*

రాచనగరు, సోమవారం

అమ్మా అఫ్రకోమా,

తలుపు మూశాను. నానా గారు ఊపిరిని సగంలోనే ఆపేస్తున్నారు. చూస్తే నాకు ఏడుపొచ్చింది. "నానా, మీరు ఊపిరి పీలుస్తుంటే నాకు తొమ్మిదంత నొప్పిగా ఉంది" అన్నాను.

ఆయన నా వైపు తిరిగారు. "తొమ్మిదెక్కడిదిరా, నువ్వెప్పుడూ ఎక్కువే చెబుతావు. ఏడు" అన్నారు. ముప్పై ఒక్క ఏళ్ల కొలువులో నా మాట ఆయన దిద్దడం అదే మొదలు.

బిళ్లలు గడియారం చూసి వేశాను, రుచి చూడలేదు. మూసిన గదిలో నా తలగడ అదుముకుని పదేసిసార్లు దగ్గారు. చప్పట్లు కొట్టడానికి నేనొక్కణ్ణే ఉన్నాను, కొట్టలేదు. మర్నాటి సాయంత్రానికే జ్వరం తగ్గుముఖం పట్టింది, మూడో రోజుకు పూర్తిగా దిగింది, నాడి ఎనభై నాలుగు. నిన్న పెరట్లో గొడుగు లేకుండా నడిచి వచ్చి ఫుఫు ముద్ద పెట్టమన్నారు.

అప్పుడే నన్ను పట్టుకున్నారు. "తొమ్మిదని అంత తడుముకోకుండా ఎలా చెప్పావురా?" అన్నారు. చెప్పక తప్పలేదు. రెండేళ్లుగా నాకూ అక్కడే నొప్పి. ఇవాళ దగ్గరుండి స్కానింగ్ చేయించారు. నాకూ రాళ్లేనట. బుధవారం మీ వార్డులో చేరుతున్నాను.

అమ్మా, నొప్పి ఎంతని మీరు అడిగితే నేను సున్నా అంటాను, నోటికి అలవాటైపోయింది. నమ్మకండి. నా మంచం పక్కన నానా గారు కూర్చుంటానన్నారు. నా అంకె ఆయన చెబుతారు.

మీ కాబోయే రోగి,
అదుసేయి

తా.క.: ఆయన చెప్పిన అంకెకు రెండు కలిపి రాసుకోండి. ఆయనెప్పుడూ తక్కువే చెబుతారు.